బావి గట్టు మీద నిద్ర

"నా కొడుకును చంపుతుండావే నువ్వు! ఆరు దినాలైంది వాడు నిద్రపోయి! సారా అంగడి మూయించినావు, ఊళ్లో ఆడోళ్లంతా నీకు జేజేలు కొట్టిరి... ఇప్పుడు వీడి రెప్పలు మూయించు చూద్దాం! నాయకురాలంట, నాయకురాలు!"

అత్త రెబెకమ్మ వీధిలో నిలబడి అరుస్తుంటే సుజన మొగుడు ఎడ్విన్ పక్కన కూర్చుని గుండె నిమురుతోంది. మర్రిపాడు దగ్గరి ఆ పల్లెలో సారా ప్యాకెట్ల బస్తాలకు నిప్పు పెట్టిన చేతులే అవి! ఈ రోజు మొగుడికి ఒక్క కునుకు తెప్పించలేకపోతున్నాయి. తాగించినవాడు మేడ కట్టాడు. మానినవాడికి నిద్ర పట్టించే దిక్కేదమ్మా ఊళ్లో? ఆత్మకూరు డాక్టరు మాత్రలు కూడా పనిచేయలేదు. చప్పుడుంటే పడుకోలేడని కోళ్లను పక్కింటికి తోలింది, కిటికీల్లో గుడ్డలు కుక్కింది, పిల్లలను చెల్లెలింటికి పంపింది... అదే తప్పయింది! అంత నిశ్శబ్దంలో ఎడ్విన్‌కు తన తలలోని రొదే వినిపించింది. గోడకేసి తల బాదుకున్నాడు.

"సుజనా, నీ కాళ్లు పట్టుకుంటా... బద్వేలు పోతా. ఆడింకా అమ్ముతుండారు. ఒక్క ప్యాకెట్టే..."

"మూడు గంటల బస్సుకు నేనే తీసకపోతా!" అంది వీధిలోంచి రెబెకమ్మ. "తాగైనా బతికుంటాడు!"

ఒక్క ప్యాకెట్టు! ఒక్కదానితో ఆగిన మొగాణ్ణి ఎవరైనా చూశారా? ఈ రోజు బస్సెక్కితే ఇక ఆ మనిషి తనకు దక్కడు!

తల మీద నాలుగు చేదల నీళ్లయినా పోద్దామని సుజన అతన్ని బావి దగ్గరికి నడిపించుకెళ్లి కానుగ చెట్టు కింద కూర్చోబెట్టింది. చేద పైకి లాగుతుంటే గట్టు రాళ్లకు తగిలి ఒరిగి సగం నీళ్లు మళ్లీ బావిలోకే జారాయి. లోతులోంచి ఆ ధార చప్పుడు పైకి లేచింది. రాతి సందుల్లోని గువ్వలు కూశాయి. ఎడ్విన్ గొణుగుడు ఆగింది.

"మళ్లీ పొయ్యి..."

బావిలోకే పోసింది. అతని భుజాలు వాలాయి. నాలుగో చేదకు నేల మీద ఒరిగాడు. ఆపితే కళ్లు తెరిచాడు! ఇక ఆపలేదు సుజన. తోడడం, సన్నటి ధారగా బావిలోకే వంచడం... తోడడం, వంచడం... అరచేతుల్లో బొబ్బలు లేచాయి, పగిలాయి.

బస్సుకు సంచి సర్దుకుని వచ్చిన రెబెకమ్మ, కదలకుండా పడివున్న కొడుకును చూసి కూలబడింది.

"అయ్యో! పోయినావా నాయనా..."

"అరవబాక అత్తా! నిద్రపోతుండాడు!"

గురక! ముసలామె కొడుకు ముఖం చూసింది. తాడుకంటిన నెత్తురు చూసింది.

"వాళ్ల నాయన ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడేటప్పుడు వీడు చిన్నబిడ్డ, గట్టు మీదే పండుకునేవాడు. నీళ్లు పడతా ఉంటే ఎద్దులు అరిచినా లేసేవాడు కాదు... మరిచిపోతినే, పాపిష్టిదాన్ని!"

సంచి కింద పెట్టి తాడు లాక్కుంది.

"జరుగు తల్లీ. ఆ చేతులకు ఆముదం పూసుకో పో."

తల్లీ! పన్నెండేళ్ల కాపురంలో ఆ మాట విన్నది ఇదే మొదలు. సుజన ఏడుపు ఆగలేదు.

"రేపు కూడా నిద్ర పట్టకపోతే అత్తా...?"

"రేపూ పోద్దాం," అంది రెబెకమ్మ, చేద వంచుతూ.