బీరువా అద్దంలో పెదవులు

ఆ రోజు ఇంట్లో శకుంతలమ్మ, కొడుకు శ్రీకృష్ణ, కోడలు భావన, పనిమనిషి బాలమణి ఉన్నారు. ఎప్పుడో చనిపోయిన ఒక కథానాయిక కూడా ఉంది, టీవీలో ఏడుస్తూ. ఆమెకు డబ్బింగ్ చెప్పింది శకుంతలమ్మే. ఫిల్మ్‌నగర్‌లో ఈ ఇల్లు కట్టింది ఆ గొంతే.

"ఈ ఏడుపు ఒక్క టేకులో చెప్పాను" అంది శకుంతలమ్మ కళ్లు తుడుచుకుంటూ.

నేల తుడుస్తున్న బాలమణి చెయ్యి ఆగింది. "సారూ, జర గిట్ల రాండ్రి. టీవీల సౌండే లేదు. పొద్దుగాల నేనే బంద్ జేసిన. అమ్మ ఏం ఇని ఏడుస్తుంది?"

శ్రీకృష్ణ తల్లి వెనక నిలబడి పిలిచాడు. మళ్లీ గట్టిగా పిలిచాడు. చెవులకు వినికిడి మిషన్లు ఉన్నా ఆమె తిరగలేదు. ఎదురుగా వచ్చాక మాత్రం, "ఏంట్రా ఆ మొహం?" అంది.

"మొన్న చెవుల పరీక్షలో వాళ్లన్న మాటలన్నీ సరిగ్గా తిరిగి చెప్పావు. మిషన్లు పెట్టుకున్నా, మొహం చూడకుండా మాట అర్థం కానివాళ్లకే చెవిలో ఇంప్లాంట్ ఆపరేషన్, మీ అమ్మగారికి అక్కర్లేదు అని డాక్టర్లు పంపేశారు. ఎలా చెప్పావమ్మా?"

శకుంతలమ్మ తల దించుకుంది. "పరీక్ష చేసే పిల్ల నోటికి అట్ట అడ్డం పెట్టుకుంది. పక్క బీరువా అద్దంలో పెదవులు కనపడ్డాయి. బతుకంతా పెదవులకు మాట కలిపినదాన్ని, తప్పు చెప్పబుద్ధి కాలేదురా. పైగా ఆపరేషనయితే మిగిలిన కాస్తా పోవచ్చట. కొత్తగా వినపడే మాటలు మొదట్లో వింతగా ఉంటాయట. నా తలలో నా పాత గొంతుంది. అదీ పోతే?"

వంటింటి గుమ్మంలో భావన ఏడుస్తోంది. ముందుకొచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"పోయిన నెల బాత్రూంలో జారిపడి పిలిచాను అత్తయ్యా. మీరు తలుపు ముందునుంచే వెళ్లిపోయారు. కావాలనే అనుకున్నాను. అప్పట్నుంచి మీకు మొహం చూపించి మాట్లాడలేదు."

"అదా! నువ్వు నాతో మాటలు మానేశావనుకున్నాను."

"రోజూ మాట్లాడాను. అటు తిరిగి."

శకుంతలమ్మ కోడలి చెంప తడిమింది. "పోయినవాళ్లు నా చెవుల్లో ఏడుస్తూనే ఉంటారు. నువ్వు పిలిస్తే మాత్రం వినపడలేదు. పద, మళ్లీ పరీక్షకు వెళ్దాం."

ఈసారి పరీక్ష గదిలో కుర్చీని గోడవైపు తిప్పారు. అచ్చం డబ్బింగ్ థియేటర్‌లా మందపాటి గోడలు. భావన వంగి, పెదవులు కనపడేలా చెప్పింది. "తెలియకపోతే తెలియదనండి. ఊహించకండి అత్తయ్యా."

"తప్పు చెప్పడం నాకు చేతకాదే."

"నాకోసం."

శకుంతలమ్మ తల ఊపి గోడవైపు తిరిగింది. ఆమె తలలో కథానాయిక అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. చప్పుడు చేసినా వినపడదని తెలిసీ, భావన బయటికొచ్చి మెల్లగా తలుపు మూసింది.