నల్లబడని ఆయిల్

మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పై ఒక్క నిమిషం. గుట్ట దిగే రోడ్డు. మూడో మలుపు.

దూసుకొస్తున్న పాత టాక్సీ వెనక చక్రాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయాయి. బండి అడ్డం తిరిగింది. రెయిలింగ్ విరగ్గొట్టుకుని పదడుగుల కింద బండరాయికి గుద్దుకుంది. ఎదురుగా వస్తున్న బస్సులో కండక్టర్ సరిగ్గా అప్పుడే ఒక టికెట్ కొట్టాడు. ఆ టికెట్ మీద 1:31 అని ఉంది.

డ్రైవర్ అక్కడికక్కడే పోయాడు. అతని వయసు నలభై. బండి వయసు ముప్పై రెండు.

సాయంత్రం నాలుగింటికల్లా అందరూ తలో తీర్పూ చెప్పేశారు. పాత బండి, సర్వీసింగ్ లేదు, వాడి తోలుడేమో ఒళ్లు తెలియని తోలుడు, ఇంజిన్ పట్టేసింది, పోయాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండిని చుట్టూ ఒకసారి చూసి నాలుగు లైన్లు రాసిచ్చాడు. 'ఇంజిన్ సీజ్. ఆయిల్ లెవెల్ ఫుల్. బ్రేకులు సరిగా ఉన్నాయి. కారణం: పాతబడటం, మెయింటెనెన్స్ లోపం.' ఒక చావుకు నాలుగు లైన్లు సరిపోయాయి.

ఆ కాగితం స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీదికి చేరింది. ఆవిడను కింది వాళ్లు చాటుగా 'జల్లెడ' అంటారు. ఏదైనా సరే ఆవిడ చేతిలో పడితే రాళ్లు వేరు, గింజలు వేరు కావాల్సిందే. ఆ పేరు ఆవిడకూ తెలుసు. తెలియనట్టు ఉంటుంది.

4:20కి చనిపోయిన డ్రైవర్ భార్య లోపలికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు. వెనకాలే గ్రీజు మరకల చొక్కాతో ఆమె బావగారు. డ్రైవర్‌కి సొంత అన్న. సొంతంగా గ్యారేజీ నడిపే మెకానిక్.

"మా బావగారిని లోపలెయ్యండి" అంది ఆమె.

"కూర్చోమ్మా. ముందు చెప్పు."

"చెప్పడానికేముంది? ఆ బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని పన్నెండు రోజుల కిందట సర్టిఫికెట్ రాసిచ్చింది ఈయనే. మొన్న ఆదివారం నా ముందే 'నీ చావు నువ్వు చావు' అన్నాడు మా ఆయన్ని. అన్నట్టే చేశాడు. ఈయన జైల్లో కూర్చుంటే తప్ప నాకు ముద్ద దిగదు."

ఇన్‌స్పెక్టర్ మెకానిక్ వైపు తిరిగింది.

"అన్నావా?"

"అన్నాను మేడమ్."

"ఎందుకు?"

"ఆయిల్ మార్చరా అంటే మార్చడు. రేడియేటర్‌లో నీళ్లు చూసుకోడు. స్టార్ట్ చేసీ చేయగానే తొక్కుతాడు. కడుపు మండి అన్నాను. ఏ అన్నయినా అంటాడు."

"ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు దాటింది. తగ్గినప్పుడల్లా పైపైన పోసుకుంటూ పోవడమే."

"ఆయిల్ లైటు వెలగదా?"

"ఆ బల్బు పోయి ఏడాదయింది. వాడు దాని మీద స్టిక్కర్ అంటించాడు."

"అలాంటి బండికి సర్టిఫికెట్ ఎలా ఇచ్చావు? ఇంజిన్ బాగుందనా, బాగాలేదనా?"

చిన్న ప్రశ్న. మెకానిక్ మరదలి వైపు చూశాడు. నేల వైపు చూశాడు.

"పాత బండి మేడమ్. పట్టేస్తుంది."

"బాగుందని చెబితే నీకే మంచిది. బాగాలేదంటే నీ సంతకమే నీ మెడకు చుట్టుకుంటుంది. తెలుసా?"

"తెలుసు."

"ఐనా బాగాలేదంటావు."

"పాత బండి మేడమ్" అన్నాడు మళ్లీ.

"ఇదేం మొదటిసారి కాదుగా" అంది మరదలు. "నాలుగేళ్ల కిందట కూడా ఇలాగే పట్టేసి ఫుట్‌పాత్ ఎక్కింది. ఎవరో ఆడపిల్ల పోయింది. అప్పుడు ఈయనే కదా స్టేషన్‌కొచ్చి తప్పు బండిదని చెప్పింది. అప్పుడు తమ్ముడి మీద ప్రేమ ఉంది మరి."

ఇన్‌స్పెక్టర్ చేతిలో పెన్ను ఆగింది. ఆ కేసు ఆవిడకు గుర్తుంది. యాంత్రిక లోపం అని రాసి, ఫైలు మూసి, కింద సంతకం పెట్టింది ఆవిడే.

"రేపు పదింటికి కోర్టు తెరిచే సరికి నీ బావగారిని హాజరు పరచాలో వద్దో తేలుస్తాను" అంది. తర్వాత హెడ్ కానిస్టేబుల్‌ని పిలిచింది. "నాలుగేళ్ల కిందటి ఫుట్‌పాత్ కేసు ఫైలు వెతుకు. దొరికేదాకా ఇంటికి పోకు."

5:10. స్టేషన్ వెనక యార్డు. నుజ్జయిన టాక్సీ ఒక పక్క ఉంది. దాన్ని లాక్కొచ్చిన రికవరీ వ్యాన్ డ్రైవర్ గొలుసులు చుడుతున్నాడు. యాభై ఐదేళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా పడిపోయిన బండ్లను కొక్కేనికి తగిలించి లాగుతున్నాడు కాబట్టి అందరికీ కొక్కెం బాబాయ్.

బానెట్ వంకరపోయింది గానీ తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ ఆయిల్ కొలిచే ఇనప పుల్లను బయటికి లాగింది. తెల్లటి చేతిరుమాలుతో తుడిచింది. ఆ మరకను ఎండకు పెట్టి చూసింది. రుమాలు మడిచి కవర్లో పెట్టుకుంది.

"బాబాయ్, స్పాట్‌కి ఎన్నింటికి చేరావు?"

"1:49కి మేడమ్."

"నీకు ఫోన్ ఎన్నింటికి వెళ్లింది?"

జవాబు హెడ్ చెప్పాడు. "1:45కి మేడమ్. నేనే చేశాను."

"నీ షెడ్డు నుంచి ఆ మలుపు ఎంత దూరం?"

"పద్నాలుగు కిలోమీటర్లు."

"నాలుగు నిమిషాల్లో?"

"వేరే పని మీద అటే పోతున్నాను మేడమ్. కలిసొచ్చింది."

"టాక్సీ రోజూ మధ్యాహ్నం ఎక్కడ ఆగేది?"

"మా షెడ్డు గోడ నీడలో. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. వాడు షెడ్డు లోపల అన్నం తిని కాసేపు నడుం వాల్చేవాడు."

"కింద ఆయిల్ కారేదా?"

"ఎప్పుడూ కారేదే. ఆ మరక చూసే కదా అది వాడి స్థలం అనేది."

ఇన్‌స్పెక్టర్ తల ఊపి వెళ్లిపోయింది. లోపల టేబుల్ మీద పాత ఫైలు ఉంది. దుమ్ము దులిపి మొదటి పేజీ తెరిచింది. చనిపోయిన అమ్మాయి పేరు. వయసు. తండ్రి పేరు, వృత్తి. ఆ వృత్తి దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది. చాలాసేపు రెండో పేజీ తిప్పలేదు.

మర్నాడు పొద్దున 8:30. అదే యార్డు. డ్రైవర్ భార్య, మెకానిక్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్, కొక్కెం బాబాయ్, హెడ్. మధ్యలో ఇంకో పాత టాక్సీ. అదే మోడల్, అదే ఇంజిన్, అలాంటి దిక్కూమొక్కూ లేని మెయింటెనెన్సే. దాని ఓనర్‌ని హెడ్ బతిమాలి తెచ్చాడు.

"దీని ఆయిల్ మొత్తం దించెయ్" అంది ఇన్‌స్పెక్టర్ మెకానిక్‌తో. "కొత్త డబ్బా పొయ్."

అతను ట్రే పెట్టి కింద బోల్టు విప్పాడు. తారులాంటి నల్లటి ఆయిల్ కారింది. ఆఖరి చుక్క దాకా ఆగి, బోల్టు బిగించి, కొత్త ఆయిల్ పోశాడు. తేనె రంగులో మెరుస్తూ దిగింది.

"స్టార్ట్ చెయ్. ఐదు నిమిషాలు ఉండనీ."

ఇంజిన్ దగ్గింది, కసిరింది, తర్వాత కుదురుకుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. 8:52కి ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఊపింది. ఇంజిన్ ఆగింది. మెకానిక్ ఇనప పుల్ల లాగి తెల్ల గుడ్డకు తుడిచాడు.

మరక నల్లగా పడింది.

"ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని ఇంజిన్ లోపల గోడలన్నీ మడ్డే" అంది ఇన్‌స్పెక్టర్. "కొత్త ఆయిల్ పోసి తిప్పితే ఐదు నిమిషాల్లో ఇలా అవుతుంది. ఇప్పుడు ఇది చూడండి."

నిన్నటి రుమాలు విప్పి ఆ గుడ్డ పక్కన పరిచింది. దాని మీద లేత పసుపు మరక. తేనె రంగు.

"ఇది చనిపోయిన డ్రైవర్ బండి లోపలి ఆయిల్. మీరు ఫుల్ అని రాశారు."

"లెవెల్ ఫుల్లే మేడమ్" అన్నాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్.

"లెవెల్ చూశారు. రంగు చూడలేదు. ఈ ఆయిల్‌తో ఆ ఇంజిన్ ఒక్క చుట్టు కూడా తిరగలేదు. అంటే ఇది ఇంజిన్ ఆగిపోయాక పోసిన ఆయిల్. ఆగేముందు లోపల ఆయిల్ లేదు. ఎవరో దించేశారు. కారిపోయిందనుకుందామంటే కింద బోల్టు గట్టిగానే ఉంది."

డ్రైవర్ భార్య ఒక్క ఉదుటున బావగారి కాలర్ పట్టుకుంది. "చేతులారా చంపావు కదూ?"

"వదులమ్మా" అంది ఇన్‌స్పెక్టర్. "ఆయన చంపదలిస్తే తన సంతకంతో సర్టిఫికెట్ ఇచ్చేవాడు కాదు. నిన్న నేను అడిగిందే మళ్లీ అడుగుతున్నాను మెకానిక్. ఇంజిన్ బాగుందా, లేదా?"

అతను పక్కనున్న నుజ్జయిన టాక్సీలో, ఏళ్ల తరబడి తను విప్పి బిగించిన ఇంజిన్ వైపు చూశాడు.

"గుండ్రాయి మేడమ్ అది. వాడు చేసిన దానికి ఇంకో ఇంజిన్ అయితే పదిసార్లు చచ్చేది. నీళ్లు లేకుండా తోలాడు. మడ్డితో తోలాడు. ముక్కుతూ మూలుగుతూ మోసింది తప్ప ఎప్పుడూ పట్టేయలేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

"మరి నాలుగేళ్ల కిందట?"

యార్డులో అందరూ అతని వైపే చూస్తున్నారు. మరదలి చెయ్యి కాలర్ మీద నుంచి జారింది.

"అబద్ధం చెప్పాను" అన్నాడు మెకానిక్. "అది పట్టేయలేదు. ముందున్న బస్సును దాటబోయి వాడే ఫుట్‌పాత్ ఎక్కించాడు. వచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. తమ్ముడు కదా అని తప్పు బండి మీదికి తోశాను. నిన్న ఇంజిన్ బాగుందని చెబితే ఆ అబద్ధం బయటపడుతుందని…"

"ఇప్పటికి చెప్పావు" అన్నాడు కొక్కెం బాబాయ్.

గొంతు పెద్దది చేయలేదు. చేతిలోని గొలుసు కింద పెట్టాడు.

"ఈ మాట వినడానికి నాలుగేళ్లు పట్టింది. ఇంక నన్నేమీ అడగక్కర్లేదు మేడమ్. నేనే చెప్తాను. ఆయిల్ దించింది నేనే. వాడు లోపల తిని పడుకున్నప్పుడు. ఆఖరి చుక్క దాకా దించి బోల్టు బిగించాను. ఐదు కిలోమీటర్లలో పోతుందనుకున్నాను. ఆ మొండి ఇంజిన్ పద్నాలుగు లాక్కెళ్లింది."

"వెనకాలే వెళ్లావు."

"వెళ్లాను."

"గుట్ట దిగుతున్నప్పుడు హారన్ కొట్టి ఆపొచ్చు."

"ఆపొచ్చు. కొట్టలేదు."

"శవాన్ని పంపించాక 2:20 నుంచి 3:05 దాకా బండి దగ్గర నువ్వొక్కడివే ఉన్నావు. అప్పుడు పోశావు. ఎందుకు?"

"ఆయిల్ లేకపోతే ఎవడో తీశాడని వెతుకుతారు. ఆయిల్ ఉంటే పాత బండి అంటారు." అతను ఇన్‌స్పెక్టర్ కళ్లలోకి చూశాడు. "పాత బండి అంటే మీకు చాలు కదా మేడమ్."

ఆవిడ చూపు తిప్పుకోలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"ఆ రోజు కూడా నన్నే పిలిచారు" అన్నాడు. "ఫుట్‌పాత్ మీదికెక్కిన బండి తియ్యమని. ఎక్కి తాళం తిప్పితే ఒక్క తిప్పుడుకే స్టార్టయింది. పట్టేసిన ఇంజిన్ అలా స్టార్టవుతుందా? రివర్స్ చేసి పక్కన పెట్టి దిగాను. అప్పుడు చూశాను, దుప్పటి కప్పింది ఎవరి మీదో. నా పిల్ల. పంతొమ్మిదేళ్లు."

హెడ్ తల వంచుకున్నాడు.

"బండి బాగుందని చెప్పడానికి మూడు రోజులు స్టేషన్ బయట బెంచీ మీద కూర్చున్నాను. మేడమ్ బిజీ అన్నారు. నాలుగో రోజు ఫైలు మూసేశామన్నారు. వాడు అదే బండి తోలుకుంటూ రోజూ నా గోడ నీడలో ఆపి నిద్రపోయేవాడు. నేనెవరో కూడా వాడికి తెలియదు. కడుపు రగిలిపోయేది. వాడు ఏ మాట చెప్పి తప్పించుకున్నాడో ఆ మాటతోనే పోవాలని అనుకున్నాను. పోయాడు. నాకు బాధ లేదు."

డ్రైవర్ భార్య అతని ముందుకొచ్చి చెయ్యెత్తింది. అతను కదల్లేదు. కొట్టమన్నట్టు నిలబడ్డాడు. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

"నిన్ను క్షమించను" అంది. "జైలుకొచ్చి నువ్వు లోపలే ఉన్నావో లేదో ప్రతి నెలా చూసి పోతాను."

"రా అమ్మా. నేనైనా అదే చేస్తాను."

అప్పుడామె మెకానిక్ వైపు తిరిగింది. గొంతు పూర్తిగా తగ్గిపోయింది.

"ఆ రోజు నువ్వు నిజం చెప్పి ఉంటే ఆయన ఇప్పుడు జైల్లో ఉండేవాడు బావా. బతికి ఉండేవాడు."

మెకానిక్ అక్కడే కూలబడ్డాడు. నల్లటి మరక పడిన గుడ్డ ఇంకా అతని చేతిలోనే ఉంది.

9:35. స్టేషన్ వరండా. హెడ్ కొక్కెం బాబాయ్‌ని తీసుకొచ్చాడు. వ్యాన్ తాళాలు టేబుల్ మీద పెట్టాడు.

"మేడమ్ పిలిచేదాకా ఆ బెంచీ మీద కూర్చో బాబాయ్."

"నాకు అలవాటేలే" అన్నాడు అతను.

ఆ మాట లోపలికి వినబడింది. ఇన్‌స్పెక్టర్ పాత ఫైలు చంకలో పెట్టుకుని, తన కుర్చీ తనే ఎత్తుకుని వరండాలోకి వచ్చింది. బెంచీ ఎదురుగా వేసుకుని కూర్చుంది. హెడ్‌ని రెండు కాగితాలు తెమ్మంది. ఒకటి ఇతని వాంగ్మూలానికి, రెండోది తన మీద తను రాసుకునే రిపోర్టుకు.

నాలుగేళ్ల కిందటి తేదీ ఉన్న పేజీ తెరిచింది.

"చెప్పండి" అంది. "ఆ రోజు బండి ఒక్క తిప్పుడుకే స్టార్టయిందన్నారు. అక్కడి నుంచి."