నీటిజింక దిగిన రోజు

2094 నాటికి భీమిలి కింది వీధులన్నీ తెప్పల మీదికి చేరాయి. సముద్రం పైకొచ్చినప్పుడు జనం కొన్నాళ్లు బెంగపడ్డారు. తర్వాత తేలే ఇళ్లు కట్టుకుని, గుమ్మాల్లో మల్లెకుండీలు పెట్టుకున్నారు. ఉదయం ఏడింటికల్లా కూరల పడవ ప్రతి గుమ్మం ముందూ ఆగుతుంది. ఇంకా మెట్ట మీదే ఉండిపోయినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో డాక్టర్ సోమయాజులు ఒకరు.

ఆయన భార్య త్రిపురాంబ తెప్పవీధి బడిలో పాఠాలు చెబుతుంది. రెండేళ్ల కిందట బడితోపాటు ఆవిడా కిందికి మారింది. "తెప్పెక్కితే నాకు కళ్లు తిరుగుతాయి" అని ఆయన ఆగిపోయారు. రోజూ మధ్యాహ్నం ఆవిడ పంపే క్యారేజీ పడవలో వస్తుంది, సాయంత్రం ఖాళీది వెళ్తుంది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

సోమయాజులు పనిచేసే ప్రయోగశాల మెట్ట అంచున ఉంది. అక్కడ ఒక కొలను, కొలను గట్టున చుక్కి. చుక్కి నీటిజింక. దాదాపు ఐదు కోట్ల ఏళ్ల కిందట తిమింగలాల వంశానికి దగ్గరి చుట్టంగా నేల మీద తిరిగిన జంతువు. పిల్లికన్నా కాస్త పెద్దది. సన్నటి కాళ్లు, చిన్న గిట్టలు, నీళ్లలో మునగడానికి పనికొచ్చే బరువైన ఎముకలు. చెవి లోపలి ఎముక మాత్రం అచ్చం తిమింగలానిదే. కాశ్మీరులో దొరికిన శిలాజాల ఆధారంగా, జన్యు పునర్నిర్మాణంతో దాన్ని మళ్లీ పుట్టించారు. సీసాపాలు పట్టి పెంచింది సోమయాజులే.

అలాంటి జంతువు మొదటిసారి నీళ్లలోకి ఎందుకు దిగింది? అది తేల్చడానికి తయారైనదే ఇచ్ఛామాపకం. అరచేతిలో పట్టే పెట్టె. ఏ ప్రాణి వైపు తిప్పినా దాని మెదడు తరంగాలు చదివి, ఆ క్షణంలో దాన్ని నడిపిస్తున్నవేమిటో ఒక్కోదానికీ విడిగా వందకి ఇంత అని పైకి చెబుతుంది. ఆకలి, భయం, వేడి, కుతూహలం, తోడు. మేకల మీద పరీక్షించినప్పుడు ఇంకొకటి చేర్చక తప్పలేదు: పంతం.

చిక్కల్లా చుక్కి నీళ్లలో దిగకపోవడం. ఇవాళ సాయంత్రం ఐదులోగా తనంతట తాను దిగకపోతే ప్రయోగం ఆపేసి, దాన్ని ఎక్కడో దూరాన పొడి కొట్టంలో పెట్టమని ఢిల్లీ కమిటీ ఉత్తరం. అక్కడ చుక్కి ఒంటరిదైపోతుంది.

"నాలుగున్నర సార్" అంది సహపరిశోధకురాలు నూకరత్నం. ఆమెది అక్కడి మత్స్యకారుల కుటుంబం. "నాచు వేసేం, దిగలేదు. గద్ద నీడ చూపించేం, మీ కాళ్ల సందున దూరింది. ఇంకేటి చేస్తాం?"

"మీటరేమంటోంది?"

ఆమె పెట్టెను చుక్కి వైపు తిప్పింది. "ఆకలి ఎనిమిది. భయం రెండు. తోడు ఎనభై ఆరు" అంది యంత్రం.

"ఆ తోడు అంకె రోజూ అంతే. లెక్కలోంచి తీసేయమన్నానుగా."

"తీసేసేం గానీ సార్, నాకొకటి తోస్తంది. దీనికి ఉన్న తోడు మీరొక్కరే. మీరు గట్టు దిగరు. అదెందుకు దిగుతాది?"

సోమయాజులు గోడ వైపు చెయ్యి చూపించారు. కొలనులో మనిషి వాసన కలిస్తే ఫలితం చెడుతుందని, ఎవరూ కాలు పెట్టకూడదని నియమం. గోడ మీద అంటించిన ఆ కాగితం ఆయన స్వయంగా రాసిందే.

"నాకు నీళ్లంటే పడదు. కళ్లు తిరుగుతాయి."

నూకరత్నం పెట్టెను నెమ్మదిగా ఆయన వైపు తిప్పింది.

"భయం సున్నా" అంది యంత్రం ఎంతో మర్యాదగా. "తోడు తొంభై ఒకటి. పంతం తొంభై నాలుగు."

"మేకలకి డెబ్బై దాటలేదు సార్!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చెప్పులు విడిచారు. ప్యాంటు మడిచి కొలనులోకి దిగారు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. రోజంతా ఎండకి కాగి, గోరువెచ్చగా ఉన్నాయి. కళ్లు తిరగలేదు.

చుక్కి గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తింది. ఒక గిట్ట తడిపి వెనక్కి తీసుకుంది. ఒక్కసారి ముక్కు మూసుకుని మునిగింది. కొలను అడుగున, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ అదే పనన్నట్టు నడిచి వచ్చి, ఆయన మోకాలి పక్కన తల తేల్చింది.

"దిగిందర్రా!" అని నూకరత్నం వేసిన కేకకు గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

"మరి మీ రూలు సార్?"

"రాసింది నేనేగా, కొట్టేస్తాను" అన్నారాయన. నివేదిక ఆఖర్న ఇలా రాశారు: "మొదటి నీటిజింక ఆకలికో భయానికో దిగి ఉంటుంది. రెండోది మాత్రం మొదటిదాని కోసమే దిగింది."

ఐదుకి పది నిమిషాలుండగా అది ఢిల్లీ చేరింది, ఆరు కాకముందే జవాబు వచ్చింది: కొనసాగించండి.

ఆ సాయంత్రం ఖాళీ క్యారేజీ పడవలో ఒంటరిగా వెళ్లలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని సోమయాజులు వెళ్లారు. త్రిపురాంబ గుమ్మంలో కుండీలకు నీళ్లు పోస్తోంది. తడి ప్యాంటునీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదు. పంతమట. తొంభై నాలుగు. మా మీటరు తేల్చింది."

"పదకొండేళ్లు కష్టపడి తయారుచేశారే, ఆ మీటరా?" ఆవిడ క్యారేజీ అందుకుని, రెండో చెయ్యి ఆయనకిచ్చి తెప్ప మీదికి లాగింది. "నన్నడిగితే చెప్పేదాన్ని కదండీ!"