ఒట్టు వినే యంత్రం

ఒట్టు అనే మాట రోజుకి ఎన్నిసార్లు నీ నోట వస్తుందో ఎప్పుడైనా ఆలోచించావా? బస్సు తప్పిందన్నా ఒట్టే, కూర బాగుందన్నా ఒట్టే. వినేవాడు మనిషి కాబట్టి నవ్వి ఊరుకుంటున్నాడు. రేపు వినేది యంత్రమైతే నీ గతి ఏమిటి? సిగ్గుపడి, గవర్రాజుకి జరిగింది విను.

గోదావరి లంకలో ఆయన పొలం ఏళ్ల తరబడి బీడుపడి, రెల్లు మనిషెత్తు పెరిగింది. దాన్ని కొట్టడానికి యంత్రాల మీద పరిశోధన చేసే డాక్టర్ ఫణిశ్రీ తయారుచేసిన ట్రాక్టర్ వచ్చింది. దానికి డ్రైవర్ లేడు. మనిషి కాలరుకి పెట్టుకున్న మైకులో చెప్పినట్టు నడుస్తుంది. వెనక స్లాషర్, అంటే పెద్ద ఇనుప రేకు, దాని కింద గిర్రున తిరిగే కత్తులు. హైడ్రాలిక్ చేతులు దాన్ని పైకెత్తుతాయి, దించుతాయి. గడ్డిలో ప్రాణి ఉంటే సెన్సర్ ఒంటి వేడిని పసిగట్టి బండిని ఆపేస్తుంది.

“ఎండకి కాగిన రాయిని చూసి కూడా ఒక్కోసారి ఆగుతుందండి,” అంది ఫణిశ్రీ. “మీరు దిగి చూసి, ప్రాణి లేదని ఒట్టు వేయాలి. ఇక ఆ పొలం పని అయ్యేదాకా సెన్సర్‌ని పట్టించుకోదు. ఒట్టు వేసినవాళ్లే తర్వాత మాట మారిస్తే వినదు.”

“అంత పంతమేంటమ్మా దానికి?”

“మామూలుగా అడిగితే అందరూ పూటకో మాట చెప్పారండి. ఒట్టు వేస్తే మాత్రం అబద్ధమాడమన్నారు.”

“అదీ మా ఊరంటే!” అని గవర్రాజు మీసం దువ్వాడు.

ఆమె పక్క లంకకి వెళ్లిపోయింది. పడమట మబ్బు లేచింది. తడిసిన రెల్లు కత్తులకి చుట్టుకుంటుంది. సాయంత్రానికి ట్రాక్టర్ అవతలి ఒడ్డుకి పోవాలి. మళ్లీ ఆయన వంతు వచ్చే ఏడే. సగం పొలం అయ్యేసరికి ట్రాక్టర్ ఆగి మాట్లాడింది.

“ముందు ప్రాణి ఉంది. చూసి చెప్పండి.”

గట్టు మీద నిలబడ్డ గవర్రాజు దగ్గరికి పక్క గుడిసె పైడమ్మ పరుగెత్తుకొచ్చింది. “ఆపండి బాబూ! నా మేక చూలుతో ఉంది, పొద్దుటి నుంచీ కనబడ్డం లేదు. నాకున్నది అదొక్కటే!”

రెల్లులోంచి సన్నగా అరుపు వినిపించింది. ఇద్దరూ విన్నారు.

“గాలే అది,” అన్నాడు గవర్రాజు.

“గాలి మే అంటుందా బాబూ? నేను దిగి పట్టుకొస్తాను.”

“నువ్వు వెతికి తెచ్చేసరికి వాన దిగిపోద్ది!”

మొదటి చినుకు ఆయన చేతి మీద పడింది. ఆయన కాలరు పట్టుకుని అరిచాడు. “ఈ పొలంలో ప్రాణి అన్నది లేదు. ఒట్టు!”

కత్తులు తిరిగాయి. పైడమ్మ గుండెలు బాదుకుంది. గవర్రాజుకి భయం వేసింది, మేక కోసం కాదు, అబద్ధపు ఒట్టు తన తలకి తగులుతుందని. చిన్నప్పుడు నువ్వూ నేనూ చేసిన పనే ఆయనా చేశాడు. నోట్లో గొణిగాడు.

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టు.”

మైకు విన్నది. ఒట్టును తీయడం యంత్రానికి తెలియదు. తీసి గట్టు మీద పెట్టమన్న ఆజ్ఞ తెలుసు. దాని చేతుల్లో ఉన్నది స్లాషర్ ఒక్కటే, కత్తులు తిరుగుతుండగానే దాన్ని పైకెత్తింది. మేకకి బారెడు దూరంలో ఆగి, వెనక్కి నడుస్తూ గట్టు వైపు వచ్చింది.

గట్టు మీద ఉన్నది గవర్రాజు. పరుగెత్తబోతే రెల్లు దుబ్బు కాలికి తగిలి వెల్లకిలా పడ్డాడు. కత్తుల గాలి ముఖానికి కొట్టింది.

“ఆగు! మనిషినున్నాను! ఒట్టు!”

“ఈ పొలంలో ప్రాణి లేదని మీరే ఒట్టు వేశారు,” అంది యంత్రం నెమ్మదిగా. స్లాషర్ దిగుతోంది.

“ఉన్నాడే! ఆయన ఉన్నాడే తల్లీ, ఒట్టు!” అని పైడమ్మ కెవ్వున అరిచింది. ఆ అరుపు ఆయన కాలరు మైకులో పడింది.

కత్తులు ఆగాయి.

“ఒట్టు గురించి అందరూ చెప్పారు,” అంది తర్వాత ఆసుపత్రిలో ఫణిశ్రీ, తల దించుకుని. “తీసి గట్టు మీద పెట్టేస్తారని ఒక్కరూ చెప్పలేదు.”

మేక ఆ వానలోనే ఈనింది. దానికి ఏమీ కాలేదు. పైడమ్మ ఒట్టు మాత్రం రెప్పపాటు ఆలస్యమైంది. గవర్రాజు ప్రాణం ఇంటికి వచ్చింది. కుడి పాదం గట్టు మీదే ఉండిపోయింది.