కిర్రు ఆగిన సైకిలు

ఈత టీచర్ ఆఫీసులోకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే, "నా స్నేహితురాలు ఆ పని చెయ్యలేదని మీరు తేల్చాలి," అంది. డిటెక్టివ్ దగ్గరికి వచ్చేవాళ్ళు మామూలుగా దోషిని పట్టుకోమంటారు. ఈవిడ మాత్రం ఒక మనిషిని వదిలెయ్యమని అడగడానికి వచ్చింది.

డిటెక్టివ్‌ని ఊళ్ళో అందరూ భూతద్దం గారంటారు. ఆవిడ చేతిలో భూతద్దాన్ని ఎవరూ చూసిన పాపాన పోలేదు, కాని దేన్నైనా పట్టిపట్టి చూస్తుందని ఆ పేరు స్థిరపడిపోయింది. ఆవిడ అసిస్టెంటు లా చదివి కోర్టు మొహం చూడని పెద్దమనిషి. గురువు నోట్లోంచి వచ్చింది తుమ్మైనా రాసుకునే రకం.

"కూర్చుని మొదటినుంచీ చెప్పండి," అంది భూతద్దం గారు.

వచ్చే ఆదివారం టీచర్‌కి పోటీ ఉంది. ముందు ఈత, తర్వాత సైకిలు, ఆ తర్వాత పరుగు. ఈతలో ఆమెకు తిరుగులేదు, సైకిలు ఎక్కగానే వెనకబడుతుంది. ఈసారి కొత్త సైకిలు కొందామంటే, షాపు యజమాని రెండు సైకిళ్ళు పంపి వారం పాటు తొక్కి చూసుకోమన్నాడు. ఒకటి అల్యూమినియం ఫ్రేమ్. మొరటుది, గతుకుల రోడ్డు మీద ఒళ్ళు హూనం చేస్తుంది, కాని దెబ్బలకి ఓర్చుకుంటుంది. రెండోది కార్బన్. వేలితో ఎత్తొచ్చు, గతుకు వచ్చిందని కూడా తెలియనివ్వదు. నిన్న పొద్దున చూస్తే ఆ కార్బన్ ఫ్రేమ్ పైగొట్టం మీద పగులు.

"మొన్న సాయంత్రం నా స్నేహితురాలు వచ్చింది. పళ్ళ డాక్టరు. పదేళ్ళుగా ఇద్దరం కలిసే ప్రాక్టీసు చేస్తున్నాం. నేను స్నానానికి వెళ్ళిన పావుగంట హాల్లో అదొక్కతే ఉంది. 'కార్బన్ కొన్నావంటే నన్ను వెనక వదిలేసి పోతావే' అని అంతకుముందే నవ్వింది. మావారు ఆ మాట పట్టుకున్నారు. నేను కాదన్నాను. కాదన్నానే గాని, నిన్నట్నుంచి దాని ఫోను ఎత్తలేదు."

"రెంటిలో మీకేది నచ్చింది?"

"కార్బనే. కాకపోతే పెడల్ తిప్పితే చాలు, కిర్రుమనేది. మొన్న రాత్రి భోజనాల దగ్గర ఆ గోల అందరికీ వినిపించాను. పగులు చూశాక ఇక దాన్ని ముట్టుకోలేదు."

టీచర్ ఇల్లు చిన్నది. హాల్లో సైకిళ్ళు రెండూ గోడకి ఆనించి ఉన్నాయి. టీచర్ భర్త చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇందులో తేల్చడానికేముందండీ? ఆవిడ తప్ప బయటివాళ్ళెవరూ రాలేదు," అన్నాడు.

"ఇంట్లోవాళ్ళు ఎవరెవరు?"

"మేమిద్దరం, మా నాన్న. నలభై ఏళ్ళు నీటి గొట్టాల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశారు. ఆయనకి ఈ గొడవలేం పట్టవు."

ఆ మాట నిజమే అన్నట్టు పెద్దాయన వంటింట్లోంచి తొంగిచూసి, టీ పెట్టమంటారా అని అడిగి వెళ్ళిపోయాడు.

భూతద్దం గారు మోకాళ్ళ మీద కూర్చుని పగులు చూసింది. గొట్టానికి కుడివైపు బొటనవేలంత చోట రంగు నలిగి ఉంది. ఎడమవైపు సరిగ్గా దానికి ఎదురుగా అలాంటిదే ఇంకో నొక్కు. పగులు అంచున సన్నటి పసుపు నూలుపోగు ఇరుక్కుని ఉంది.

"వెనక చక్రం పైకెత్తి పెడల్ తిప్పు," అంది అసిస్టెంటుతో.

అతను తిప్పాడు. చక్రం గాలిలో మెత్తగా తిరిగింది. అసిస్టెంటు ఇంకో నాలుగు సార్లు తిప్పి, సైకిలు తేలికకి ముచ్చటపడి, నోటుబుక్కులో "చాలా బాగుంది" అని రాసుకున్నాడు.

భూతద్దం గారు చేతులు కడుక్కుంటానని పెరటి గదిలోకి వెళ్ళింది. అక్కడ బల్లకి ఇనుప వైస్ బిగించి ఉంది, వస్తువుని రెండు దవడల మధ్య కదలకుండా పట్టేది. మరమ్మతు చేసే వస్తువు గీసుకుపోకుండా దాని దవడలకి పాత పసుపు తువ్వాలు చుట్టి ఉంది.

"సాయంత్రం అందరూ ఉండాలి. పళ్ళ డాక్టరుగారు కూడా," అని చెప్పి బయల్దేరింది.

సాయంత్రం హాలు నిండింది. పళ్ళ డాక్టరు తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. టీచర్ ఆమె వైపు చూడలేకపోయింది. షాపు యజమాని తన సైకిలు పక్కన నిలబడ్డాడు.

"కోపంతో కొడితే దెబ్బ ఒకవైపే పడుతుంది," అంది భూతద్దం గారు. "దీనికి రెండువైపులా నొక్కుంది. అంటే కొట్టలేదు, బిగించారు. ఇంకో సంగతి. పెడల్ కిర్రుమంటుందన్నారు కదా, పొద్దున తిప్పితే చప్పుడే లేదు. అసూయతో వచ్చినవాళ్ళు సైకిలు పగలగొడతారు గాని, రిపేరు చేసి పోరు. డాక్టరుగారికి ఆ కిర్రు సంగతే తెలీదు. అది చెప్పింది ఆవిడ వెళ్ళాక, భోజనాల దగ్గర." ఆవిడ పెద్దాయన వైపు తిరిగి గొంతు తగ్గించింది. "బాబుగారూ, ఆ పెడల్ మీరేగా బాగుచేసింది?"

"నేనే. కోడలు విసుక్కుంటోందని తెల్లారే లేచి, విప్పి గ్రీజు పెట్టాను," అన్నాడు పెద్దాయన మామూలుగా.

"సైకిలు కదలకుండా వైస్‌లో బిగించారు."

"మరి నిలబడాలి కదమ్మా. గుడ్డ చుట్టే బిగించాను. ఒక్క గీత పడలేదు."

"ఇనుప గొట్టమైనా, అల్యూమినియమైనా ఆ పట్టుకి తట్టుకునేదేమో. కార్బన్ లాగుడికి గట్టిదే గాని, పక్కనుంచి నొక్కితే నలుగుతుంది."

పెద్దాయన మొహం వాడిపోయింది. "టిక్కుమంది. స్క్రూ అనుకున్నాను. ఎవరో కొట్టి పగలగొట్టారంటే నాకేం తెలుసు, నేను కొట్టలేదుగా? నన్నెవరూ అడగలేదు కూడాను."

కొడుకు తల దించుకున్నాడు. షాపు యజమాని ఆ ఫ్రేమ్ కంపెనీ ట్రయల్‌కి ఇచ్చిందని, పగులు ఎలా వచ్చిందో రాసిస్తే చాలని అన్నాడు. "నేనే చేశానని రాయండి," అని పెద్దాయన పట్టుబట్టాడు. అసిస్టెంటు తన నోటుబుక్కులో "చాలా బాగుంది" అన్న మాట చడీచప్పుడూ లేకుండా కొట్టేశాడు.

"మీరు చెయ్యి వెయ్యలేని సైకిలు నాకెందుకు మామయ్యగారూ? అల్యూమినియమే తీసుకుంటాను. రేపట్నుంచి దాని బాగోగులు మీవే," అంది టీచర్. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, తలూపాడు. ఆ సంగతి అంత తేలిగ్గా తెమిలింది. అసలు సంగతి తలుపు దగ్గర కూర్చుని ఉంది.

"ఒక్క ఫోను చేసి అడిగితే పోయేది కదే," అంది పళ్ళ డాక్టరు.

"అడిగితే నమ్మలేదని తెలిసిపోతుందని భయపడ్డాను."

"అడక్కపోతే తెలీదా?"

టీచర్‌కి ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపది, ఆపుకోలేదు. పళ్ళ డాక్టరు లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"రెండు రోజులు అనుమానించావు. ఇక రెండు నెలలు ప్రాక్టీసులో ఎదురుగాలికి ముందు నువ్వే తొక్కాలి. నీ వెనక చాటున నేను హాయిగా వస్తాను."

"మూడు నెలలు తొక్కుతాను," అంది టీచర్.

"అయితే రేపు ఆరింటికి వస్తాను. ఫోనెత్తు."