మాయమైన రెండు పాస్‌పోర్టులు

ఉదయం 8.40. సెంటినరీ కాలనీలో ఒక క్వార్టరు ముందు పోలీసు జీపు ఆగింది.

ఎస్సై యమున దిగింది. వెనకే కానిస్టేబుల్ సదయ్య.

ముందుగది దాదాపు ఖాళీ. ఇంటిసామాను అప్పటికే పంపించేశారు. మిగిలినవి రెండు సూట్‌కేసులు, ఒక హ్యాండ్‌బ్యాగు. వాటి పక్కన నేల మీద కూర్చుని ఉంది సువార్త. ఆమె భర్త తీతు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ముప్ఫై నాలుగేళ్ళు బొగ్గుబావిలో పనిచేసి పోయిన నెలలోనే రిటైరయ్యాడు.

"పాస్‌పోర్టులు పోయినయి మేడం, రెండూ," అంది సువార్త. "పన్నెండింటికి కారెక్కాలె. హైద్రాబాద్‌ల రాత్రి తొమ్మిదీ యాభైకి ఫ్లైటు."

"ఎక్కడికి?"

"ముందుగాల మస్కట్, మా చెల్లె రెజీనా కాడికి. పదిరోజులు ఉండి ఆడికెంచి జోర్డాన్, యెరూషలేము, ఐగుప్తు. ఈయన రిటైరైనంక నాలుగు నెలలు తిరుగుదామని ఎన్నేండ్లసందో అనుకున్నం."

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"పొద్దుగాల ఆరింటికి. ఈ బ్యాగు జేబులనే ఉన్నయి. ఏడుంబావుకు చూస్తే లెవ్వు."

యమున బ్యాగు తెరిచింది. బంగారు గాజులు అలాగే ఉన్నాయి. టికెట్ కాగితాలూ ఉన్నాయి.

"మధ్యలో ఎవరొచ్చారు?"

"ఎదురింటి రమ ఇడ్లీ తెచ్చి గుమ్మంల నుంచే ఇచ్చిపోయింది. ఆరూ నలభైకి కొమురెల్లన్న లోపలికొచ్చి పెట్టెలకు తాళ్ళు కట్టిండు."

గుమ్మం పక్కన నిలబడ్డ పొరుగింటి కొమురెల్లి ఉలిక్కిపడ్డాడు. తీతుతో ముప్ఫై ఏళ్ళు ఒకే షిఫ్టులో దిగిన మనిషి.

"నిన్న గూడ అన్నడు మేడం. మీరు పోతే నాకెట్ల పొద్దుపోతది, పోకుండ్రి అన్నడు," అంది సువార్త.

"గందుకని దొంగతనం చేస్తనా వదినా? తీతూ, నువ్వన్న చెప్పరాదు!"

తీతు ముఖం తిప్పుకున్నాడు.

సదయ్య కొమురెల్లి జేబులు వెతికాడు. అతని క్వార్టరూ వెతికాడు. ఏమీ దొరకలేదు. తిరిగొచ్చాక కొమురెల్లి గుమ్మం దాటి లోపలికి రాలేదు.

యమున సూట్‌కేసు తీయించింది. పైన డబ్బా నిండా సకినాలు. కింద కొత్తగా కుట్టిన జాకెట్లు.

"ఎవరికివి?"

"రెజీనాకే. సకినాలంటే దానికి పాణం. మూడేండ్లది ఉన్నప్పుడు మా అవ్వ సచ్చిపోతే నేనే సాదిన. నాకు పిల్లలు కాలే. అదే నా బిడ్డ." సువార్త కళ్ళు తుడుచుకుంది. "ఇయ్యాల గూడ ఫోన్ చేసిందట. నేను తానానికి పోయిన. ఈయనే మాట్లాడిండు. పైలంగ రమ్మన్నదట."

"అవునా కాకా?"

"అవు బిడ్డా," అన్నాడు తీతు. "మస్తు మంచి పిల్ల ఉండె."

యమున ఒక్క క్షణం అతనివైపే చూసింది.

సమయం 9.35.

"కాకా, ఒక్కసారి పెరట్లకు రండ్రి."

పెరట్లో ఎవరూ లేరు. యమున గొంతు తగ్గించింది.

"బంగారం వదిలేసి పాస్‌పోర్టులే తీసినోడు దొంగ కాడు. మీ ప్రయాణం ఆగాలన్నోడు. కొమురెల్లి అనుకున్న. కానీ అవి పోయి రెండుగంటలు దాటింది. మస్కట్‌ల మీకోసం చూస్తున్న మనిషికి మాకిట్లయిందని మీరు ఒక్క ఫోన్ చెయ్యలే. ఎందుకు?"

తీతు చెయ్యి చొక్కా మీదికి పోయింది.

"ఇంకోటి. మస్తు మంచి పిల్ల ఉండె, అన్నరు. బతికున్న మనిషిని ఎవరన్న 'ఉండె' అంటరా కాకా? ఫోన్ ఇటియ్యండి."

ఇన్‌కమింగ్ కాల్. 6.20. పదకొండు నిమిషాలు. పేరు డానీ.

"డానీ ఎవరు?"

"రెజీనా పెనిమిటి."

తీతు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. చొక్కా గుండీ విప్పి బనీను లోపలి నుంచి రెండు పాస్‌పోర్టులు తీశాడు. చెమటకు తడిసిపోయాయి. ఫిర్యాదు ఇచ్చిన ఇంటాయనను సోదా చెయ్యాలని ఎవరికీ తోచలేదు.

"నర్సు డ్యూటీలనే పడిపోయిందట. దవాఖానల ఉండి గూడ బతకలే. చెప్దామనే లోపలికి పోయిన బిడ్డా. సువార్త జాకెట్లు సదురుకుంట పాట పాడుతున్నది. నాకు నోరు రాలే. చెప్పకుండ తీస్కపోతే ఆడ శవపెట్టె ముంగట నిలబడ్తది. ప్రయాణం ఆగితే ఇంకో నాలుగొద్దులన్న నవ్వుకుంట ఉంటదనుకున్న."

"మట్టి ఎప్పుడు చేస్తరు?"

"రేపు నాలుగింటికి."

"నాలుగొద్దులైనంక చెప్తే, నా బిడ్డ ముఖం నన్నెందుకు చూడనియ్యలే అంటది. ఏం చెప్తరు కాకా?"

తీతు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తర్వాత గోడ పట్టుకుని లేచాడు.

లోపలికి వెళ్ళి భార్య ఎదుట కూర్చున్నాడు. పాస్‌పోర్టులు ఆమె ఒడిలో పెట్టాడు.

"దొరికినయా! ఎక్కడ..." సువార్త ముఖం విప్పారింది. అంతలోనే అతని కళ్ళు చూసింది. "ఏమైంది? గట్ల చూస్తవేంది?"

"డానీ చేసిండు పొద్దున. రెజీనా చెయ్యలే..."

 ఆ పైన చెప్పవలసిన అవసరం లేకపోయింది. సువార్త కేకకు పక్క క్వార్టర్ల వాళ్ళంతా బయటికొచ్చారు.

పదకొండింటికి ఆమె తనంతట తానే లేచి ముఖం కడుక్కుంది. గొంతు బొంగురుపోయింది.

"డానీకి ఫోన్ చెయ్యి. నేనొచ్చేదాక దాన్ని ఎవ్వల్ని ముట్టనియ్యద్దను. మూడేండ్లప్పటిసంది దానికి తలకు పోసింది నేను. ఆఖరి నీళ్ళు గూడ నేనే పోస్త."

తర్వాత గుమ్మం దగ్గరికి నడిచింది. "కొమురెల్లన్నా, నిన్ను దొంగన్న."

"ఊకో వదినా. కారొచ్చింది," అంటూ అతను పెట్టెలు ఎత్తుకున్నాడు.

సువార్త వెనకసీట్లో కూర్చుంది. తీతు ఎక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ముందట కూసో."

అతను డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. కారు కదిలింది. ఫిర్యాదు కాగితం చేతిలోనే పట్టుకుని యమున చూస్తూ నిలబడింది.

కాలనీ మలుపు దగ్గర కారు ఆగింది. ఏదో మరిచిపోయారనుకుంది యమున.

వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. తీతు ముందునుంచి దిగి, వచ్చి, వెనకసీట్లో ఎక్కాడు.

తలుపు మూసుకుంది. కారు పెద్దపల్లి రోడ్డెక్కింది.