డీకన్ గారి ర్యాంపు

ఆదివారం పొద్దున ఆర్డెల్లా ఫోను ఎత్తి చెవికి ఆనించుకుంది. లోపల్నుంచి కీచుమంటూ, బుర్రుమంటూ ఒకటే రొద. రిసీవరు ఠపీమని పెట్టేసి, మెట్ల వైపు తిరిగి కేకేసింది.

"నదీన్! మళ్ళీ ఆ ఇంటర్నెట్ పెట్టె ఫోను తీగకి తగిలించావా? చర్చికి పువ్వులు ఎవరు తెస్తున్నారో కనుక్కుందామంటే లైనంతా నువ్వే మింగేశావు!"

"ఒక్క ఫోటో నానమ్మా! ఎక్కుతోంది, అయిపోయింది!"

"నీ ఫోటో ఎక్కేలోపు ప్రభువు రెండో రాకడ కూడా అయిపోతుంది!"

వంటింట్లో మాకరోనీ మీద చీజు తురుముతున్న రెనీ నవ్వు ఆపుకుంది. అత్తగారి నోటికి ఎదురు నవ్వితే ఆ రోజు భోజనం సవ్యంగా సాగదని ఆమెకి పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. ఆమె మొగుడు వెండెల్ మాత్రం పేపరు వెనకాల నుంచి గొణిగాడు. "వారమంతా సిటీ బస్సు తోలి ఆ రోడ్ల మీద నేను చస్తున్నాను. ఇంటికొస్తే నా కూతురికి కూడా రోడ్లే కావాలి. నేనేం పాపం చేశానో!"

నదీన్‌కి పంతొమ్మిదేళ్ళు. కాలేజీ సెలవులకి ఇంటికొచ్చింది. తోటి ఆడపిల్లలు పాటగాళ్ళ బొమ్మలు గోడలకి అంటించుకుంటుంటే, ఇది హైవే బోర్డులు, వంతెనలు, మూసేసిన దారులు ఫోటోలు తీసి దాచుకుంటుంది. ఆ వేసవిలో వాటికోసం ఒక వెబ్‌సైటు కూడా మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరికీ అది ఏమిటో అర్థం కాలేదు, అడగాలని కూడా ఎవరికీ అనిపించలేదు.

దూరంగా అంబులెన్సు సైరన్ వినిపించింది. ఆర్డెల్లా చేస్తున్న పని ఆపి, గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"మా వంటింటి మీదుగా పోతోంది. క్షేమంగా చేర్చు తండ్రీ."

ఆమె ఈ మాట ముప్ఫై ఏళ్ళుగా అంటోంది. అప్పట్లో వాళ్ళ ఇల్లు ఊరికి తూర్పున కార్వర్ వీధిలో ఉండేది. హైవే వాళ్ళు చర్చి నేలమాళిగలో మీటింగు పెట్టి, గోడకి మ్యాపు వేలాడదీసి, ఈ వీధి మీదుగా ఆసుపత్రికి సరాసరి ర్యాంపు, అంటే హైవే మీంచి దిగే దారి, వేస్తామన్నారు. జనం తిరగబడ్డారు. అప్పుడు ఆర్డెల్లా భర్త హొరేస్ లేచి నిలబడ్డాడు. ఆ చర్చికి ఆయన డీకన్, అంటే నలుగురికీ మంచి చెడ్డా చెప్పే పెద్ద. "రేపు మన పిల్లాడికే గుండె నొప్పొస్తే పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉంటాడు. దేవుడి పని అనుకుని ఇద్దాం" అన్నాడు. అందరికంటే ముందు తనే సంతకం పెట్టాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళు పెట్టారు. సంతకాలు అయ్యేవరకు 'డీకన్ గారూ' అన్న ఆఫీసర్లు, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు మళ్ళీ ముఖం చూపించలేదు.

వీధి చెల్లాచెదురైంది. హొరేస్ డీకన్ పదవి వదిలేశాడు. ఆర్డెల్లా "నా ఇల్లు లేని ఆ దిక్కు నేను చచ్చినా చూడను" అని ఒట్టు పెట్టుకుని, అన్న మాట నిలబెట్టుకుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. నదీన్‌కి ఊహ తెలియకముందే తాత పోయాడు. పాత ఇల్లు హైవేకి పోయిందన్న ఒక్క ముక్క తప్ప ఆ పిల్లకి ఇంకేమీ తెలియదు.

చర్చి నుంచి వచ్చి నలుగురూ భోజనానికి కూర్చున్నారు. వేయించిన కోడి, ఆకుకూర, మాకరోనీ, మొక్కజొన్న రొట్టె. ప్రార్థన అయ్యీ అవగానే నదీన్ ఒక కాగితం తీసింది. దాని ముఖం వెలిగిపోతోంది.

"మీకో విషయం చెప్పాలి. నా వెబ్‌సైటు చూసి ఎక్కడో అయోవా రాష్ట్రం నుంచి ఒకాయన రాశాడు. రోడ్లంటే పిచ్చి ఉన్నవాళ్ళు దేశమంతా ఉన్నారట. నేను పెట్టిన పేజీల్లో ఒకటి అందరికీ తెగ నచ్చిందట!"

"రోడ్ల పిచ్చి ఉన్నవాళ్ళు అంతమంది ఉన్నారా?" అన్నాడు వెండెల్. "వాళ్ళని నా బస్సు ఎక్కమను. తిక్క కుదురుతుంది."

"చదవనీ పాపం" అంది రెనీ.

నదీన్ గొంతు సవరించుకుంది. "'మా ఊళ్ళో ఒక వింత ఉంది. గాల్లో ఆగిపోయిన ర్యాంపు. హైవే నుంచి విడిపోయి, ఒకప్పటి కార్వర్ వీధి మీదుగా ఆసుపత్రి వైపు వంగి, సగంలో తెగిపోతుంది. ప్లాను మార్చేసి మధ్యలోనే వదిలేశారు. ఇంతవరకూ దీని మీద ఒక్క కారు కూడా నడవలేదు. ఇంత అందమైన పనికిరాని ర్యాంపు రాష్ట్రంలో ఇంకోటి లేదు. దీన్ని ఇక్కడివాళ్ళు డీకన్ ర్యాంపు అంటారు. దీన్ని గీసిన ఇంజనీరు ఇంటిపేరు డీకన్ అయి ఉండాలి.'"

వెండెల్ చేతిలో ఫోర్కు పళ్ళెంలో పడింది. రెనీ తల దించుకుంది.

"ఆ పేరు నీకెవరు చెప్పారు?" అన్నాడు వెండెల్, చాలా మెల్లగా.

"బార్బర్ షాపులో ముసలాళ్ళు. డీకన్ ర్యాంపు అంటూ ఒకటే నవ్వారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఏం?"

"ఆ కాగితం చింపెయ్. ఆ పేజీ తీసెయ్. ఇప్పుడే."

"ఎందుకు తియ్యాలి?"

"తియ్యమంటే తియ్యి!" వెండెల్ బల్ల మీద గుద్దాడు. గ్లాసుల్లో తీపి టీ తొణికింది. "మనుషుల గోరీల మీద గంతులేసి, వింతలట, అందాలట! సిగ్గుండాలి!"

"ఆగు." ఆర్డెల్లా గొంతు అది. ఆమె నదీన్ వైపే చూస్తోంది. "మళ్ళీ చదువు. నడవలేదు అన్నావే, ఆ ముక్క."

"ఇంతవరకూ దీని మీద ఒక్క కారు కూడా…"

"మరి ఆసుపత్రికి వెళ్ళే దారి?"

"అది లేదు నానమ్మా. అసలు వెయ్యనే లేదు. అంబులెన్సులన్నీ మెర్సర్ వీధి చుట్టూ తిరిగే వెళ్తాయి."

ఆర్డెల్లా తన పళ్ళెం పక్కకి జరిపింది. ఆ తరువాత కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు ఈ ఊళ్ళో బస్సు తోలతావు. నీకు తెలియదా?"

వెండెల్ తొణికిన టీ తుడవడం మొదలుపెట్టాడు.

"వెండెల్ టాలివర్, నిన్నే అడుగుతున్నాను. నీ ఎదురుగా ఇన్నేళ్ళు గుండె మీద చెయ్యేసుకుని ప్రార్థన చేశానే, అప్పుడు నీకు తెలుసా, తెలియదా?"

"తెలుసమ్మా."

"రెనీ, నీకు?"

రెనీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పెళ్ళయి వచ్చిన వారానికే బ్యూటీ పార్లర్లో విన్నాను అత్తయ్యా. డీకన్ గారి కోడలివా అని ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఊరందరికీ తెలుసు. మీ చెవిన పడనివ్వద్దని ఈయన నాచేత ఒట్టేయించుకున్నారు."

"అయితే ఊళ్ళో తెలియని పిచ్చిముండని నేనొక్కదాన్నే అన్నమాట!" ఆర్డెల్లా కుర్చీ వెనక్కి తోసి లేచింది. "కార్వర్ వీధిలో మన పక్కింటి మిల్డ్రెడ్ చచ్చేదాకా నాతో మాట్లాడలేదు. అసూయ అనుకున్నాను! 'మా ఆయన వల్ల ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో' అని దాని ముఖాన్నే అన్నాను! దాని ఇల్లు గడ్డి మొలవడానికి పోయిందని నాకు తెలియదు. అనే ముందు ఒక్కరు నా నోరు నొక్కలేకపోయారా?"

"నాన్న వద్దన్నాడమ్మా!" వెండెల్ కూడా లేచాడు. అతనూ అరుస్తున్నాడు. "నన్ను అక్కడికి తీసుకెళ్ళి చూపించాడు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. 'మీ అమ్మ ఒక్కతే ఈ ఊళ్ళో తలెత్తుకు నడుస్తోంది, దాన్నలా నడవనీరా' అన్నాడు. నన్నేం చెయ్యమంటావు? చచ్చిపోయినవాడికి ఇచ్చిన మాట ఎక్కడ పారెయ్యమంటావు?"

నదీన్ తెల్లబోయి ఒకరి తరవాత ఒకర్ని చూసింది. "డీకన్ అంటే… తాతయ్యా?"

రెనీ అవునన్నట్టు తలూపింది.

"నాకెవరైనా చెప్పారా?" ఇప్పుడు దాని గొంతు కూడా లేచింది. "ఈ ఇంట్లో నోరు తెరిచి ఏదైనా అడిగితే ముఖాలు తిప్పుకుంటారు. సొంత తాత ఏం చేశాడో బార్బర్ షాపులో వెక్కిరింత విని తెలుసుకోవాలా? ఆయన్ని ఇంజనీరు చేసి పెట్టానంటే తప్పు నాది కాదు, మీ అందరిదీ!"

"పెద్దంతరం చిన్నంతరం లేదా నీకు!" వెండెల్ చెయ్యెత్తాడు. రెనీ మధ్యలోకి వచ్చింది. ఎత్తిన చెయ్యి అలాగే గాల్లో ఆగి, మెల్లగా కిందికి దిగింది. అతను ఎన్నడూ పిల్లని కొట్టినవాడు కాడు.

ఆర్డెల్లా అప్పటికే గుమ్మం దగ్గర టోపీ పెట్టుకుంటోంది.

"కారు తియ్యి."

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికో నీకు తెలుసు. నువ్వు తియ్యకపోతే నేనే నడిచి పోతాను."

నలుగురూ కారెక్కారు. హైవే గోడ కింద, కార్వర్ వీధి అన్న బోర్డు కూడా మిగలని చోట వెండెల్ బండి ఆపాడు. కంచె ఒకచోట చిరిగి ఉంది. నదీన్ ఫోటోల కోసం దూరే దారి అదే. అక్కడి నుంచి మట్టికట్ట ఎక్కితే ర్యాంపు మీదికి వెళ్ళొచ్చు. చర్చి బూట్లు జారుతుంటే మనవరాలి భుజం పట్టుకుని, మధ్యమధ్య దాన్ని తిడుతూనే ఆర్డెల్లా పైకి ఎక్కింది.

సిమెంటు పగుళ్ళలోంచి నడుమెత్తు గడ్డి. గీతలు కూడా గియ్యని దారి. కొంత దూరం పోయాక ఒక అడ్డు దిమ్మ, దాని అవతల ఇనుప చువ్వలు బయటికి పొడుచుకుని ఉన్నాయి. ఆ తరవాత ఏమీ లేదు. కింద చూస్తే ఖాళీ నేల.

"మన వంటిల్లు ఆ స్తంభం దగ్గరుండేదమ్మా" అన్నాడు వెండెల్.

"నీ మొహం. స్తంభం దగ్గర మిల్డ్రెడ్ వాళ్ళ వసారా. మనది ఇటు." ఆమె చెయ్యి చాచి చూపించి, ఆ చేతిని వెనక్కి తీసుకోవడం మర్చిపోయింది. "స్తంభమైనా మన ఇంటి మీద వెయ్యలేదు. ఒక్క రాయి కూడా వెయ్యలేదు. ఊరికే. ఊరికే కూలగొట్టారు."

అంతే, తిట్లు మొదలయ్యాయి. మ్యాపు తెచ్చినవాళ్ళని తిట్టింది. వాళ్ళ టైలని, నవ్వులని, చర్చి కాఫీ తాగి వెళ్ళిన వాళ్ళ నోళ్ళని తిట్టింది. చివరికి ఆ ఖాళీ నేల మీదికి వంగి, మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది.

"హొరేస్! ఒక్క మంచం మీద పడుకుని, ఒక్క పళ్ళెంలో తిని, ఇంత కడుపులో దాచుకుని పోయావా? నేను తలెత్తుకు నడవాలా? ఎవరడిగారు నిన్ను? నువ్వు తల దించుకుంటే నీ పక్కన నేనూ దించుకునేదాన్ని కదయ్యా! ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదా!"

ఆ మాటకి వెండెల్ ఉన్నచోటే దిమ్మ మీద కూలబడ్డాడు. నడివయసు మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తండ్రి పోయిన రోజున కూడా అతను అంతలా ఏడవలేదు. నదీన్ తండ్రి కన్నీళ్ళు చూడటం అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక దూరంగా నిలబడిపోయింది.

ఆర్డెల్లా కొడుకు ముందుకి వచ్చి నిలుచుంది. ఒక్కటి పీకుతుందేమో అనుకుంది నదీన్. ఆమె అతని తల రెండు చేతులతో పట్టుకుని తన కడుపుకి అదుముకుంది.

"ఆయన మోసింది చాలక నీ నెత్తిన కూడా పెట్టి పోయాడు. ఇంక దించెయ్ నాన్నా. దించెయ్."

అలా ఎంతసేపు ఉన్నారో. పక్కన హైవే మీద కార్లు వాటి పాటికి అవి పోతూనే ఉన్నాయి.

నదీన్ దగ్గరికి వచ్చింది. "నన్ను క్షమించు నానమ్మా. ఇంటికి వెళ్ళగానే ఆ పేజీ తీసేస్తాను."

"తీశావంటే కాళ్ళు విరగ్గొడతాను."

"నానమ్మా?"

"ఊరంతా నవ్వుతున్నారుగా, డీకన్ ర్యాంపు అని. నవ్వనీ. కానీ సగం పేరు చెప్పి నవ్వడమేంటి? పూర్తి పేరు రాయి. హొరేస్ టాలివర్ అని రాయి. నమ్మినవాడు నమ్మాడు. అబద్ధం చెప్పినవాళ్ళు హాయిగా ఇంటికి పోయి నిద్రపోయారు. నమ్మినవాడికి నిద్ర పట్టలేదు. సిగ్గు ఎవరికుండాలో రాయి." ఆమె ఊపిరి తీసుకుంది. "అందంగా ఉందని కూడా రాశావు కదూ. ఆ ముక్క కొట్టెయ్."

"కొట్టేస్తాను."

"ఇంకా మిల్డ్రెడ్ పేరు కూడా ఎక్కించు. వాళ్ళ వసారా ఎక్కడుందో నేను చెబుతాను. నేను దానికి క్షమాపణ చెప్పుకోవడానికి ఇంకో చోటు మిగల్లేదు."

వెండెల్ చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "అమ్మా, నలుగురూ చదువుతారే. మళ్ళీ మాట్లాడుకుంటారు."

"మాట్లాడుకోనీరా. ఇన్నాళ్ళూ మనం తప్ప అందరూ మాట్లాడారు."

రోడ్ల పిచ్చి ఉన్నవాళ్ళకి ఇవాళ ఆ వెబ్‌సైటు బాగా తెలుసు. దేశంలో ఏ మూల ఏ దారి ఎక్కడ తెగిపోయిందో వెతుక్కునేవాళ్ళంతా అందులోకే వస్తారు. అక్కడ ప్రతి దారి పక్కనా, అది వెయ్యకముందు ఆ నేల మీద ఎవరుండేవాళ్ళో కూడా రాసి ఉంటుంది. మిగతా రోడ్ల సైట్లలో అది కనిపించదు. ఎందుకలా అని ఎవరైనా నదీన్‌ని అడిగితే, పెద్దగా చెప్పకుండా మొదటి పేజీ చూడమంటుంది.

ర్యాంపు ఎక్కిన మర్నాడు పొద్దున నానమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, మధ్యలో రెండుసార్లు పోట్లాడి, ఆ పిల్ల తిరగరాసిన పేజీ అది. మొదటి వాక్యం ఇలా ఉంటుంది:

"దీన్ని డీకన్ ర్యాంపు అంటారు. ఆ డీకన్ ఇంజనీరు కాదు, మా తాతయ్య."